గ్రామ నర్సు: వివేచన, నాయకత్వము
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

కోనసీమకు దక్షిణమున, ఒకవైపు వైనతేయ గోదావరియు, మరియొకవైపు బంగాళాఖాతమును హద్దులుగా గల మండలము అల్లవరము. బోడసకుర్రు మొదలుకొని ఓడలరేవు, కొమరగిరిపట్నము వరకు ఇచ్చటి ఊళ్ళు వరిచేలతోను, కొబ్బరితోటలతోను, రొయ్యల చెరువులతోను నిండి, చూచువారికి కన్నుల పండువు చేయును. ఐనను ఈ సొంపు వెనుక కొన్ని చిక్కులును కలవు. నేల పల్లము. వానకాలమున పుంతలు బురదయగును. తుపాను పుట్టినచో మొదటి దెబ్బ తీరగ్రామములకే తగులును. పెద్ద రోగము వచ్చినప్పుడు అమలాపురము ఏరియా ఆసుపత్రికి పోవలెను. అచ్చట కుదరనిచో గోదావరి పాయలు దాటి కాకినాడకో, రాజమహేంద్రవరమునకో పోవలెను.

రోగము పగలు, రాత్రి చూడదు. వాన, వరద చూడదు. వైద్యుడు చూచుటకు ముందే ఎవరో ఒకరు ఆ రోగిని చూడవలెను. ఇది ఇంటివద్ద తగ్గునదా, తెల్లవారువరకు ఆగదగినదా, ఈ క్షణముననే కదలించవలసినదా అని నిర్ణయింపవలెను. పెక్కు గ్రామములలో ఆ మొదటి నిర్ణయము చేయునది నర్సు. ఆమె చేతిలోని సూదిమందును ఊరంతయు ఎరుగును. ఆమె తలలోని ఆలోచనను ఊరు అంతగా గుర్తింపలేదు. ఆ ఆలోచన ఎట్టిది, దానికి పంచాయతీ ఎట్లు అండగా నిలువగలదు అనునదే ఈ పాఠమునందలి విషయము.

1. ఆమె ఎవరు?

మనము నర్సమ్మగారని పిలుచు ఉద్యోగినికి ప్రభుత్వము పెట్టిన పేరు ఏ.ఎన్.ఎం.; అనగా సహాయక నర్సు, మంత్రసాని. అమెరికాలో ప్రాక్టికల్ నర్సులని పిలువబడువారు వైద్యుల యొక్కయు, పై అర్హతగల నర్సుల యొక్కయు పర్యవేక్షణలో రోగి చెంతనుండి పనిచేయుదురు. మన ఏ.ఎన్.ఎం. కొంతవరకు వారితో పోల్చదగినది. ఐనను ఒక పెద్ద భేదము కలదు. ఆసుపత్రిలో పనిచేయు నర్సుకు పిలిచిన పలుకు దూరమున పైవారు ఉందురు. గ్రామ నర్సుకు ఆ వసతి లేదు. ఆమె ఒంటరిగా ఒక ఇంటి అరుగుమీద కూర్చుండి ఆలోచింపవలెను.

తొలుత ఆమె పని ప్రధానముగా కాన్పులకును, తల్లీబిడ్డల సంరక్షణకును సంబంధించినది. 1973లో కర్తార్ సింగ్ సంఘము చేసిన సిఫారసుల ననుసరించి ఆమె బహుళార్థ ఆరోగ్య కార్యకర్త యైనది. టీకాలు, క్షయ, మలేరియా, కుటుంబ సంక్షేమము మొదలైనవన్నియు ఆమె భుజములమీద పడినవి. మైదాన ప్రాంతములలో 5,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రమును, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును ఉండవలెనని నియమము. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమై, సుమారు 1,000 మందికి ఒక ఆశా కార్యకర్తను ఏర్పాటు చేసినది. 2018 నుండి ఉపకేంద్రములను విస్తరించి, నర్సింగు పట్టము కలిగి ప్రత్యేక శిక్షణ పొందినవారిని అచ్చట నియమించు పద్ధతి వచ్చినది. మన రాష్ట్రమున 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయములలోను ఏ.ఎన్.ఎం.లకు స్థానము కల్పింపబడినది.

ఈ వ్యవస్థ ఫలము చిన్నది కాదు. నమూనా నమోదు లెక్కల ప్రకారము 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లక్ష సజీవ జననములకు 195 మంది తల్లులు మరణించిరి. 2018-20 నాటికి విభజనానంతర ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య 45కు దిగినది. రోడ్లు, 2005లో ఆరంభమైన 108 వాహనములు, ఆసుపత్రి కాన్పులు, అన్నియు ఇందుకు తోడ్పడినవి. కాని వాహనమును పిలువవలెనని సకాలమున తోచుట అన్నిటికంటె ముందు జరుగవలసిన పని. అది వివేచన.

2. వివేచన యననేమి?

వివేచన యనగా ఇతరులలో తప్పులు పట్టుట కాదు. కంటికి కనబడినదానిని వెంటనే నమ్మక, వెంటనే కాదనక, నిలిపి పరీక్షించుట. ఇది చదువుకున్నవారికే చెందిన విద్య కాదు. వరిచేను పసుపువారినప్పుడు తెలిసిన రైతు వెంటనే యూరియా బస్తా విప్పడు. నీరు నిలిచినదా, నత్రజని చాలలేదా, తెగులు సోకినదా అని ఆకు త్రిప్పి చూచును, వేరు లాగి చూచును, ప్రక్కచేనిని చూచును, నిరుడు ఇదే మడిలో ఏమి జరిగినదో తలచుకొనును. నర్సు చేయవలసినదియు అదే. ఐతే ఇచ్చట చేను పోయినచో మరల వేయుటకు అదను లేదు.

నర్సింగు గ్రంథములు ఈ పనిని ఐదు మెట్లుగా చెప్పును.

మొదటిది పరిశీలన. చూచుట, అడుగుట, కొలుచుట. జ్వరము, నాడి, రక్తపుపోటు, శ్వాస వేగము, ఇవి మాటలవలన తెలియవు, కొలిచినగాని తెలియవు.

రెండవది నిర్ధారణ. నేటి కొలతను మొన్నటి కొలతతో పోల్చి, ఇది ఏమి కావచ్చును, ఇది కాక మరేమి కావచ్చును అని విచారించుట. కావచ్చునన్న వానిలో ప్రాణము తీయునది ఏదియో దానిని అందరికంటె ముందు తలచుట. రోగమునకు పేరుపెట్టుట వైద్యుని పని. అపాయమును పసిగట్టుట నర్సు పని.

మూడవది ప్రణాళిక. తాను చేయదగినది ఏది, పైవారికి అప్పగింపదగినది ఏది అని వేరుచేయుట.

నాలుగవది ఆచరణ. అయిదవది సమీక్ష, అనగా చేసిన పనికి ఫలితము కలిగినదా లేదా అని మరల వచ్చి చూచుట. మాత్ర ఇచ్చి పోయిన నర్సు సగము పని చేసినది. సాయంకాలము మరల వచ్చి చూచిన నర్సు పూర్తిపని చేసినది.

3. మూడు ఉదాహరణములు

ఈ క్రింది మూడును విషయము బోధపడుటకై కల్పించినవి. కాని వీనివంటివి ఏ గ్రామమునందైనను జరుగగలవు.

మొదటి ఉదాహరణము: తలనొప్పి. ఎనిమిదవ నెల గర్భిణి తల పగిలిపోవుచున్నదని చెప్పినది. ఎండలో తిరిగినందువలన వచ్చినదని అత్తగారన్నది. కాళ్ళు వాచినవి, ఐనను నెలలు నిండువేళ కాళ్ళు వాచుట లోకమున సామాన్యమే. ఒక మాత్ర ఇచ్చి పంపుట సులభము. వివేచన గల నర్సు అట్లు చేయదు. గత నెల కార్డులో రక్తపుపోటు 110/70 అని ఉన్నది. నేడు కొలిచిన 150/100 వచ్చినది. మూత్రమును పరీక్షించినచో ఆల్బుమిన్ కనబడినది. చూపు మసకగా ఉన్నదాయని ఆమె అడిగినది. అవునని గర్భిణి చెప్పినది. ఒక్కొక్కటి విడిగా చూచినచో చిన్నవి. కలిపి చూచినచో మన పెద్దలు గుర్రపువాతమని పిలిచిన మూర్ఛకు అవి ముందుసూచనలు. గర్భిణికి రక్తపుపోటు 140/90 దాటినప్పుడు ఉపేక్షింపరాదు. మూర్ఛ వచ్చినచో శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. మెగ్నీషియం సల్ఫేటు మొదటి మోతాదు నిచ్చి ఆసుపత్రికి పంపవచ్చునని ప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాని మూర్ఛ రాకముందే పంపగలుగుట మేలు. ఆ మేలు గత నెల కార్డును త్రిప్పి చూచుటలో ఉన్నది.

రెండవ ఉదాహరణము: కడుపునొప్పి. పాకలో నేలమీద పడుకొన్న కూలివాడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినాడు. ఒకటి రెండు మారులు వాంతియైనది. రాత్రి తిన్న చేపల కూర పడలేదని ఇంటివారన్నారు. నర్సు అతని ముఖమును చూచినది. కనురెప్పలు వాలియున్నవి. మాట ముద్దగా వచ్చుచున్నది. అజీర్ణమునకు కనురెప్పలు వాలవు. ఆమె ఇంటివారిని మరల ప్రశ్నించినది: "ఎక్కడ పడుకున్నాడండీ? మంచంమీదా, నేలమీదా?" కట్లపాము రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చును. దాని కాటు నొప్పిపుట్టదు. గాటు కూడ సరిగా కనబడకపోవచ్చును. కాటు కనబడనంతమాత్రమున పాము కరవలేదని చెప్పుటకు వీలులేదు. ఇట్టి రోగికి శ్వాస ఆగిపోవుటకు ముందే విషమునకు విరుగుడు మందును, అవసరమైనచో శ్వాసయంత్రమును ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. కోయుట, పీల్చుట, బిగించి కట్టుట, మంత్రమునకై వేచియుండుట, ఇవన్నియు హానికరములు. 2000 నుండి 2019 వరకు మన దేశమున ఏటేట సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. వారిలో అత్యధికులు గ్రామీణులే.

మూడవ ఉదాహరణము: విరేచనములు. సోమవారము ఒక బిడ్డ, మంగళవారము ఒక ముసలి, అదేదినము సాయంకాలము మరియొక బిడ్డ. మువ్వురికిని ఓ.ఆర్.యస్. పొట్లము ఒక లీటరు మంచినీటిలో కలిపి త్రాగించుట, బిడ్డలకు 14 దినములు జింకు ఇచ్చుట నర్సుకు తెలిసిన చికిత్స. ఇంతతో ఊరకుండిన నర్సు మంచిదే. కాని వివేచన గల నర్సు మువ్వురి ఇండ్లను కాగితముమీద గుర్తుపెట్టి చూచును. మూడిండ్లును ఒకే కుళాయి గొట్టము పైనున్నవి. ఆ గొట్టము మురుగుకాలువను దాటుచున్నది. కుళాయినీటిలో క్లోరిను లేదు. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను చివరి కుళాయివద్ద మిగిలియుండవలెను. ఇప్పుడు రోగి ఆ మువ్వురు కాదు, ఆ గొట్టము. దానికి చికిత్స చేయగలది నర్సు కాదు, పంచాయతీ.

4. నాయకత్వమనగా అధికారము కాదు

పై మూడవ ఉదాహరణము మనలను నాయకత్వమను విషయమునకు తెచ్చినది. గ్రామ నర్సుకు ఎవరిని ఆజ్ఞాపించుటకును అధికారము లేదు. గొట్టము మార్పించుటకు ఆమెవద్ద డబ్బు లేదు. అయినను సత్యమును కనుగొని, దానిని వినవలసినవారికి వినిపించి, చేయవలసినవారిచేత చేయించుట ఆమె నాయకత్వము.

ఈ మాటకు చరిత్రలో ఒక చక్కని నిదర్శనము కలదు. 1854లో లండను నగరమున ఒక పేటలో కలరా చెలరేగి 600 మందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను ఒక్కొక్కటిగా విచారించి, ఎక్కువమంది బ్రాడ్ వీధిలోని ఒకే చేతిపంపు నీరు త్రాగినవారని కనుగొనెను. ఆయనకు ఆ పంపుపై ఏ అధికారమును లేదు. ఆయన ఆ పేట స్థానిక సంఘమువద్దకు పోయి తన లెక్కలను చూపెను. సంఘమువారు ఆయన వాదమును పూర్తిగా నమ్మలేదు. ఐనను 1854 సెప్టెంబరు 8న పంపు పిడిని తీయించిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టినదని తరువాతివారు చెప్పుదురు. ఐనను నేర్చుకొనవలసిన నీతి చెడలేదు. ఆలోచించినవాడు వైద్యుడు, పిడి తీయించినది స్థానిక సంఘము. రెండును కలిసినగాని ఊరికి రక్షణ లేదు.

అదే సంవత్సరమున ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధపు ఆసుపత్రికి పోయినది. దీపము పట్టుకొని రోగులమధ్య తిరిగిన కరుణామూర్తిగానే లోకము ఆమెను తలచుచున్నది. ఆమె చేసిన మరియొక పని దానికంటె గొప్పది. సైనికులలో గాయములవలన చనిపోవువారికంటె మురికివలన, అంటురోగములవలన చనిపోవువారే అధికులని లెక్కకట్టి, ఆ లెక్కలను బొమ్మలుగా గీసి, ప్రభుత్వమును కదలించినది. ఆమె భారతదేశమునకు ఒక్కమారైనను రాలేదు. ఐనను మన గ్రామముల పారిశుద్ధ్యమును గూర్చి అనేక సంవత్సరములు వ్రాసినది. 1847-52 మధ్య ధవళేశ్వరము ఆనకట్టను కట్టించి ఈ కోనసీమకు నీరిచ్చిన కాటన్ దొరతో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు జరిపినది. నీటిపారుదలకై ఆయన చేసిన వాదమును సమర్థించినది. కరవును తప్పించు నీరును రోగమును తప్పించు శుభ్రతయు ఆమె దృష్టిలో ఒకే కార్యమునకు రెండు చేతులు.

సాధనములు లేనప్పుడు ఆలోచన ఎంత పని చేయునో చూపుటకు మన దేశముననే మరియొక ఉదాహరణము కలదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులు పశ్చిమ బెంగాలులోని బన్గావ్ శిబిరములకు వచ్చినప్పుడు కలరా వ్యాపించెను. నరములలోనికి ఎక్కించు సెలైను అయిపోయెను. డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడాపొడి కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 కంటె తక్కువకు దిగెను. మందు దొరకలేదని చేతులు ముడుచుకొనక, ఉన్నవారినే సహాయకులుగా చేసికొనుట నాయకత్వము. నేడు మన ఆశా కార్యకర్తయొద్దనున్న ఓ.ఆర్.యస్. పొట్లము వెనుక ఆ అనుభవమును కలదు.

గ్రామ నర్సు నాయకత్వము ఫోనులో మాట్లాడు తీరునందును కనబడును. "సారు, పేషెంటుకు బాగా లేదండి, పంపుతున్నాను" అని చెప్పినచో ఆవల వైద్యునికి ఏమియు బోధపడదు. శిక్షణలో నాలుగు మాటల పద్ధతిని నేర్పుచున్నారు: ఇప్పుడు ఏమైనది, ఇంతకు పూర్వము ఏమున్నది, నాకు ఏమి తోచుచున్నది, మీరేమి చేయవలెనని కోరుచున్నాను. మొదటి ఉదాహరణములోని నర్సు ఇట్లు చెప్పును: "ఎనిమిదో నెల గర్భిణి, తలనొప్పి, చూపు మసక. పోయిన నెల బీపీ 110/70, ఈరోజు 150/100, ఆల్బుమిన్ ఉంది. గుర్రపువాతానికి దారితీస్తుందని నా అనుమానం. 108లో పంపుతున్నాను, మీరు మంచం, మందు సిద్ధంగా ఉంచండి." అర నిమిషము పట్టదు. ఆసుపత్రిలో ఒక గంట మిగులును.

5. తుపాను, వరదలనాడు

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఎట్లు ఊడ్చినదో పెద్దలెవ్వరును మరువలేదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంకగ్రామములవారు పడవలమీద బయటపడిరి. ఇట్టి వేళలలో నర్సు వివేచన రోగము వచ్చినతరువాత కాదు, రాకముందే పనిచేయవలెను.

ఈ నెలలో కాన్పు కావలసినవారెవరు? ఇన్సులిను తీసికొనువారెవరు? క్షయకు మందు మానరానివారెవరు? డయాలిసిస్‌కు పోవువారెవరు? మంచముపట్టిన వృద్ధులెవరు? ఈ అయిదు ప్రశ్నలకును పేర్లు, వీధులు, ఫోను నంబర్లతో ఒక్క కాగితము సిద్ధముగా ఉన్నచో, తుపాను హెచ్చరిక వచ్చిన రోజుననే వారిని ముందు కదలింపవచ్చును. కరెంటు పోయినప్పుడు టీకాలు 2 నుండి 8 డిగ్రీలమధ్య నిలుచునట్లు చూచుట మరియొక పని. కొన్ని టీకాలు వేడికి చెడును. కొన్ని గడ్డకట్టినచో చెడును. గడ్డకట్టినదేమోనని అనుమానము కలిగిన మందును వాడక ప్రక్కన పెట్టి పైవారికి చెప్పుటకు ధైర్యము కావలెను. అదియు నాయకత్వమే.

6. ఊరు చేయు పొరపాటు

ఈ పాఠములో పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసిన విషయము ఇది.

ఒక రాత్రి నర్సు ఒక గర్భిణిని అమలాపురము పంపినదనుకొందము. వాహనము వచ్చినది, మగవాడు కూలి మానుకొన్నాడు, ఇంటిల్లిపాదియు నిద్ర మానుకొన్నారు. అచ్చట వైద్యులు పరీక్షించి, భయము లేదని చెప్పి తెల్లవారి పంపివేసిరి. మరునాడు ఊరిలో ఏమనుకొందురు? "ఏమీ లేకపోయినా పంపించేసింది, ఆవిడకి తెలిస్తే కదా" అందురు. పెద్దలలో ఒకరు ఆమెను పిలిచి మందలింతురు. ఆమె తలవంచుకొని పోవును.

ఆరు నెలలకు మరియొక రాత్రి వచ్చును. అవే గుర్తులు. నర్సుకు అనుమానము కలుగును. కాని మొన్నటి మాటలు చెవిలో వినబడును. తెల్లవారువరకు చూతమని అనుకొనును. ఆ తెల్లవారుట కొందరికి తెల్లవారదు.

కావున లెక్క ఇట్లు వేయవలెను. అనుమానముతో పదిమందిని పంపగా తొమ్మండుగురు క్షేమముగా తిరిగివచ్చినచో, అది తొమ్మిది తప్పులు కాదు, ఒక ప్రాణము. పంపవలసినవారిని పంపకపోవుటయే తప్పు. నర్సు ఏ గుర్తులను చూచినది, ఏమి కొలిచినది, ఎందుకు పంపినది అని అడుగుట న్యాయము. ఆమె కార్డు చూపి కారణము చెప్పగలిగినచో, ఫలితమెట్లున్నను ఆమె నిర్ణయము మంచిదే. కారణము లేక పంపినచో, లేదా కొలవకయే ఇంట నుంచినచో, ఆ రోగి బ్రతికినను ఆ నిర్ణయము చెడ్డదే. ఫలితమునుబట్టి కాక, ఆలోచించిన తీరునుబట్టి నర్సు పనిని విలువకట్టుట పంచాయతీ అలవరచుకొనవలెను.

ఇట్టిదే మరియొక పొరపాటు సూదిమందుపై మోజు. సామాన్యమైన వైరస్ జ్వరమునకు సూది అక్కరలేదని నర్సు చెప్పినచో ఊరివారు అలిగి, అడిగినదే తడవుగా సూది వేయువారివద్దకు పోవుదురు. ఆమె ఈ వారము సూది వేయనందువలన ఎవరికిని నష్టము లేదు. కాని ఆమె మాట కొట్టివేయబడినందువలన నష్టము కలుగును. సర్పంచి తన ఇంటివారికి సూది అడుగక ఆమె సలహా పాటించినచో, నూరు ఉపన్యాసముల పని జరుగును.

మూడవది రక్తహీనతను తేలికగా తీసికొనుట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులు. అందరికిని ఉన్నది గావున అది సహజమని ఊరు భావించును. నర్సు అట్లు భావింపరాదు. కాన్పులో కొంచెము ఎక్కువ రక్తస్రావమైనను తట్టుకొనలేనివారు వీరే. ఇనుము మాత్రలు పంచినట్లు రిజిస్టరులో వ్రాసిన చాలదు. మ్రింగుచున్నారా లేదా, మ్రింగనిచో కడుపులో త్రిప్పుటవలననా, బిడ్డ పెద్దదగునను భయమువలననా అని అడిగి తెలిసికొనవలెను.

7. పంచాయతీ చేయవలసిన పనులు

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలోని పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యము, పారిశుద్ధ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీశిశు అభివృద్ధి అను విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవానిగా పేర్కొన్నది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు పంచాయతీ సభ్యులలో ఒకరు అధ్యక్షత వహింపవలెననియు, ఆశా కార్యకర్త కార్యదర్శిగా నుండవలెననియు జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. కావున నర్సు పని వైద్యశాఖవారిదని ప్రక్కకు తప్పుకొనుటకు వీలులేదు.

తల్లుల మరణములను పరిశీలించినవారు వానికి మూడు ఆలస్యములు కారణమని చెప్పుదురు: పోవలెనని నిర్ణయించుటలో ఆలస్యము, చేరుటలో ఆలస్యము, చేరినతరువాత చికిత్స దొరకుటలో ఆలస్యము. మూడవది ఆసుపత్రివారి బాధ్యత. మొదటి రెండును ఊరివి. వానిని తగ్గించుటకు ఈ క్రింది పనులు చేయదగినవి.

ఒకటి: ప్రతి పంచాయతీ సమావేశములోను నర్సుకు పది నిమిషములు ఇవ్వవలెను. గత నెల తాను ఏమి గమనించినది, ఏ వీధిలో ఏమి అనుమానించుచున్నది, పంచాయతీ ఏమి చేయవలెను అని ఆమె చెప్పవలెను. ఆమె చెప్పినదియు, దానిపై తీసికొన్న చర్యయు మినిట్సు పుస్తకములో వ్రాయవలెను.

రెండు: నీటిని గూర్చియు, మురుగును గూర్చియు నర్సు చేసిన హెచ్చరికపై మరునాడే విచారణ జరుగవలెను. తరువాతి సమావేశమువరకు రోగము ఆగదు.

మూడు: రాత్రివేళ ఆమె పిలుపు వచ్చినచో తోడుపోవుటకు, పుంత చివరనున్న ఇంటికి 108 వాహనము రాలేనప్పుడు రోగిని రోడ్డువరకు చేర్చుటకు, ప్రతి వార్డులోను ఇద్దరి పేర్లను నిర్ణయింపవలెను. వారి ఫోను నంబర్లను ఉపకేంద్రము గోడమీద వ్రాయవలెను.

నాలుగు: రక్తపుపోటు యంత్రము, బరువుతూచు యంత్రము, హిమోగ్లోబిను పరీక్ష సామగ్రి పనిచేయుచున్నవో లేవో మూడు నెలలకొకసారి విచారింపవలెను. కొలత తప్పినచో ఎంత తెలివిగల నర్సు ఆలోచనయు తప్పును.

ఐదు: ఆమెను పంచాయతీ ఇతర పనులకు, ఊరేగింపులకు, లెక్కలకు త్రిప్పరాదు. రోగి ఇంట ఆమె గడుపు అరగంట ఊరి సొత్తు.

ఆరు: ఎవరినైనను ఆసుపత్రికి పంపినందుకు ఆమెను ఎవ్వరును బహిరంగముగా నిందింపకుండ సభ్యులు కాపాడవలెను. ఆక్షేపణ ఉన్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి సమక్షమున, కాగితములు ముందుంచుకొని విచారింపవలెను. తప్పు చేసిన నర్సును దాచుమని దీని భావము కాదు. తప్పును కారణముతో పట్టుకొనుమని భావము.

8. సమావేశమున చర్చకు ప్రశ్నలు

ఈ పాఠమును చదివి వినిపించిన పిమ్మట సభ్యులు ఈ ప్రశ్నలను తమలో తాము చర్చించుకొనవలెను.

(1) మన గ్రామమున రాబోవు నెలలో కాన్పు కావలసినవారెందరో మనకు తెలియునా? తెలియనిచో ఎవరిని అడుగవలెను?

(2) గత సంవత్సరము నర్సు గాని, ఆశా కార్యకర్త గాని పంచాయతీకి చేసిన హెచ్చరిక ఏది? దానిపై మనము ఏమి చేసితిమి?

(3) అర్ధరాత్రి చివరి వీధిలో కట్లపాము కరచినచో, రోగి ఎన్ని నిమిషములలో రోడ్డు చేరును? ఎవరు తీసికొనిపోవుదురు? విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉన్నది?

(4) చివరి కుళాయివద్ద క్లోరిను పరీక్ష ఎప్పుడు జరిగినది? ఎవరు చేసిరి?

(5) ఆసుపత్రికి పంపినందుకు నర్సును మందలించిన సందర్భము మన ఊరిలో కలదా? ఆమె చూచిన గుర్తులను అప్పుడు ఎవరైనను అడిగిరా?

ఈ అయిదింటికిని జవాబులు వ్రాసి, సమావేశమునకు నర్సును ఆహ్వానించి, ఆమెచేత వానిని సరిచూపించుకొనవలెను. ఆమె కాదన్నచోట ఎందుకు కాదన్నదో అడిగి తెలిసికొనవలెను. నర్సు ఆలోచించి చెప్పినదానిని పంచాయతీ ఆలోచించి విన్ననాడు, ఆ ఊరిలో ఆరోగ్యమునకు గట్టి పునాది పడినట్లే.